ఊరికి కరెంటు వచ్చింది, మరి పేదరికం ఎందుకు పోలేదు?

2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లీసాంగ్ అనే చిన్న ఊరికి కరెంటు చేరింది. దాంతో దేశంలో కరెంటు లేని ఊరంటూ మిగల్లేదని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్క కట్టిన పద్ధతి ఇదీ: ఊళ్లో లైను, ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. బడికి, పంచాయతీ ఆఫీసుకు, ఆరోగ్య కేంద్రానికి కనెక్షన్ ఉండాలి. ఇళ్లలో పదోవంతుకు కరెంటు ఉండాలి. ఇవన్నీ ఉంటే ఆ ఊరు కరెంటు వచ్చిన ఊళ్ల జాబితాలో చేరుతుంది. మిగతా తొంభై శాతం ఇళ్లు చీకట్లో ఉన్నా జాబితాకు లోటు రాదు. అంతకు ముందే, 2017 సెప్టెంబరులో, మొదలైన సౌభాగ్య పథకం ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. ఏడాదిన్నరలో రెండున్నర కోట్లకు పైగా ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. వానలో, ఎండలో స్తంభాలు మోసి, గుంతలు తవ్వి, తీగలు లాగిన కూలీల, లైన్‌మన్‌ల కష్టం అందులో ఉంది. దాన్ని నేను తక్కువ చేయను.

అయినా నాకు ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఇంట్లో బల్బు వెలిగాక ఆ ఇంటి సంపాదన పెరిగిందా?

నేను పుట్టి పెరిగింది పాలమూరు మెట్ట ప్రాంతంలో. మా ఊరికి కరెంటు నేను పుట్టకముందే వచ్చింది. అంటే ఏ సర్కారు లెక్కలో చూసినా మాది ఎప్పుడో వెలుగులోకి వచ్చిన ఊరు. కానీ మా నాయన మాత్రం రాత్రి ఏ జాములో త్రీ ఫేజ్, అంటే బోరు మోటారు నడిచే కరెంటు, ఇస్తారో తెలియక, చేతిలో బ్యాటరీ లైటు పట్టుకుని బోరు దగ్గరికి పోయేవాడు. మా దగ్గర దాన్ని దొంగరాత్రి కరెంటు అనేవాళ్లు. వస్తే మడి తడుస్తుంది, రాకపోతే వెళ్లినవాళ్లు గట్టు మీదే పడుకుంటారు. పాము కరిచి చనిపోయినవాళ్లు, తడి చేతులతో స్టార్టర్ డబ్బా ముట్టుకుని చనిపోయినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో ఉన్నారు. నాయన బయలుదేరాక అమ్మకు నిద్ర పట్టేది కాదు. ఆయన తిరిగి వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే.

అందుకే పేద దేశాల్లో ఎన్ని కోట్ల ఇళ్లకు కనెక్షన్ ఇచ్చారన్న వార్త చదివినప్పుడల్లా నాకు సంతోషంతో పాటు అనుమానమూ కలుగుతుంది. పేదరికాన్ని తగ్గించేది మోటారు తిప్పగలిగిన కరెంటు. పగటిపూట, చెప్పిన వేళకు, సరైన వోల్టేజితో, కొన్నేళ్లపాటు మాట తప్పకుండా వచ్చే కరెంటు. ఈ గుణాలు లేకుండా ఇంటింటికీ తీగ లాగితే ఫోను ఛార్జింగు, రాత్రి కాసేపు వెలుతురు దొరుకుతాయి. అవీ మనిషికి కావాలి. కానీ వాటితో అప్పు తీరదు.

ఈ మాట నా ఒక్కడి అనుభవం మీద ఆధారపడింది కాదు. కెన్యా పశ్చిమ ప్రాంతంలో కెన్నెత్ లీ, ఎడ్వర్డ్ మిగెల్, కాథరిన్ వోల్‌ఫ్రమ్ అనే ఆర్థికవేత్తలు పెద్ద ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్లలో ఇళ్లకు కనెక్షన్ ఖర్చులో రాయితీ ఇచ్చారు, కొన్నిచోట్ల పూర్తిగా ఉచితంగా ఇచ్చారు, కొన్ని ఊళ్లను అలాగే వదిలేశారు. తర్వాత వాళ్ల ఆదాయం, ఆరోగ్యం, పిల్లల చదువు పోల్చి చూశారు. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2020లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మన దేశంలో 2005లో మొదలైన రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ పథకం మీద ఫియోనా బర్లిగ్, లూయీ ప్రియోనాస్ చేసిన పరిశోధన కూడా చిన్న ఊళ్ల విషయంలో దాదాపు ఇదే చెప్పింది. పెద్ద ఊళ్లలో మాత్రం వాళ్లకు లాభం బాగానే కనిపించింది.

ఈ ఫలితాలు పట్టుకుని కొందరు, పేదలకు కరెంటు అంత ముఖ్యం కాదు, ఆ డబ్బు ఇంకెక్కడైనా పెట్టొచ్చు అంటున్నారు. ఈ వాదన నాకు అస్సలు ఒప్పుకోబుద్ధి కాదు. కెన్యాలో ఆ ఇళ్లవాళ్లు కనెక్షన్ వచ్చాక వాడిన కరెంటు ఎంత? చాలా కొద్ది. రెండు బల్బులు, ఒక ఫోను, ఎక్కడో ఒక టీవీ. మిల్లు పెట్టుకోవడానికి పెట్టుబడి లేదు, పంపు కొనడానికి అప్పు పుట్టదు, కరెంటు ఎన్ని గంటలుంటుందో నమ్మకం లేదు. ఏడాదిన్నర, రెండున్నరేళ్ల తర్వాత వెళ్లి ఆదాయం పెరిగిందా అని అడిగితే ఎలా పెరుగుతుంది? కరెంటు వృథా అని ఆ అధ్యయనం తేల్చలేదు. తీగ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఏం జరుగుతుందో చూపించింది. పెద్ద ఊళ్లలో ఫలితం ఎందుకు వేరుగా వచ్చిందో కూడా ఊహించడం కష్టం కాదు. అక్కడ సంత ఉంటుంది, బస్సు ఆగుతుంది, బ్యాంకు ఉంటుంది, పిండిగిర్నీకి గిరాకీ ఉంటుంది. కరెంటు వెళ్లి కలవడానికి అక్కడ వేరే పనులు ముందే ఉన్నాయి.

దక్షిణాఫ్రికాలో ఇంకో సంగతి బయటపడింది. 1994లో వర్ణవివక్ష పాలన పోయాక అక్కడి ప్రభుత్వం నల్లజాతి పల్లెలకు వేగంగా కరెంటు ఇచ్చింది. క్వాజులు-నటాల్ ప్రాంతం లెక్కలు చూసిన టారిన్ డింకెల్‌మన్, ఐదేళ్లలోపే ఆడవాళ్ల ఉపాధి 9 శాతం పాయింట్లకు పైగా పెరిగిందని తేల్చారు. మగవాళ్లలో అంత స్పష్టమైన మార్పు లేదు. కట్టెలకు పోవడం తగ్గి, కరెంటు పొయ్యి మీద వంట మొదలై, ఆడవాళ్లకు రోజులో కొన్ని గంటలు మిగిలాయి. ఆ గంటల్లో వాళ్లు బయట పనికి వెళ్లారు. కెన్యాలో కరెంటు బల్బు దగ్గర ఆగింది, దక్షిణాఫ్రికాలో పొయ్యి దాకా వెళ్లింది. నాకు తేడా అక్కడే కనిపిస్తుంది.

మన తెలుగునేల మీద ఈ కథ పూర్తిగా చూడాలంటే సిరిసిల్లకు వెళ్లాలి. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ, అంటే ఆర్‌ఈసీ, పుట్టినప్పుడు దేశంలో ఐదుచోట్ల ప్రయోగంగా విద్యుత్ సహకార సంఘాలు పెట్టారు. వాటిలో సిరిసిల్ల ఒకటి. 1970 నుంచి అక్కడ కరెంటు పంపిణీ చేస్తున్నది రైతులు, నేతన్నలు సభ్యులుగా ఉన్న సంఘం. అందరూ దాన్ని సెస్ అంటారు. పాలకవర్గానికి ఎన్నికలు జరుగుతాయి, బిల్లు కట్టేవాళ్లే ఓటు వేస్తారు. అంతకుముందు బతుకుదెరువు కోసం భివండి, షోలాపూర్ వెళ్లిన నేతకార్మికులు, తిరిగి వస్తూ అక్కడి పాత మరమగ్గాలు తెచ్చుకుని ఇక్కడ బిగించుకున్నారు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. కరెంటు ఉంది, చేతిలో పని ఉంది, ఊరికి తిరిగొచ్చే ఆశ ఉంది. అలా వేల సాంచాలు వచ్చాయి. వలస వెళ్లడం తప్ప దారి లేని ఊరికి, బయటివాళ్లు పని వెతుక్కుంటూ రావడం మొదలైంది. ఆడవాళ్లు కండెలు చుట్టారు, బీడీలు చుట్టారు. కరెంటు ఒక ఊరికి ఎంత బలం ఇవ్వగలదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

కానీ అదే సిరిసిల్ల పేరు తర్వాత పేపర్లలో నేతకార్మికుల ఆత్మహత్యలతో వచ్చింది. కరెంటు పోలేదు కదా, మరి ఏమైంది? గుడ్డకు ధర పడిపోయింది. నూలు ధర పెరిగింది. సాంచాలు పాతవి, నేసేది చవక రకం పాలిస్టర్, దాన్ని అంతకంటే చవకగా నేసేవాళ్లు వేరేచోట వచ్చారు. సేటు నూలు ఇస్తాడు, ఆసామి సాంచాలు నడిపిస్తాడు, కార్మికుడికి మీటరుకు ఇంత అని కూలి. ఈ గొలుసులో నష్టం వచ్చినప్పుడల్లా అది చివరి మనిషి మీదే పడింది. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి కరెంటు పోయిన ప్రతి గంటా కూలి కోతే. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, అంటే కరెంటు ఇవ్వని రోజులు, పెట్టినప్పుడు ఫ్యాక్టరీ యజమానుల నష్టం గురించి చాలా రాశారు. దినకూలీ, పీసు రేటు కార్మికుడు ఆ వారాల్లో ఏం తిన్నాడో అంతగా రాయలేదు. ప్రభుత్వాలు మరమగ్గాలకు కరెంటు సబ్సిడీ ఇచ్చాయి, 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇచ్చాయి. ఆ ఆర్డర్లు ఉన్నన్నాళ్లు ఊరు ఊపిరి పీల్చుకుంది. కరెంటు లేకపోతే సిరిసిల్ల పుట్టేదే కాదు. కానీ దాన్ని నిలబెట్టడానికి మార్కెట్, కొత్త యంత్రాలు, న్యాయమైన కూలి కావాలి. కరెంటు ఇచ్చాం కదా అని సర్కారు పక్కకు తప్పుకోవడానికి వీల్లేదు.

ఇప్పుడు అందరూ వేడెక్కిపోయే విషయానికి వస్తాను. వ్యవసాయానికి ఉచిత కరెంటు.

1980లలో వ్యవసాయ మోటారుకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు, అంటే ఎంత వాడినా అదే ఛార్జీ, ఉండేది. తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో సంస్కరణలు వచ్చాయి, విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు, ఛార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పెంపుకు వ్యతిరేకంగా వెళ్లినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకారం చేసిన వెంటనే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. పేపర్లలో ఆర్థిక నిపుణులు చాలామంది దీన్ని దండగ అంటారు, భూగర్భ జలాలు అడుగంటాయంటారు. నీళ్ల మాట నిజమే, అది చిన్న విషయం కాదు. కానీ కాలువ కింది రైతు సంగతి ఎవరూ ఎత్తరు. ఆనకట్ట కట్టింది సర్కారు, కాలువ తవ్వింది సర్కారు, నీటి తీరువా నామమాత్రం. మెట్ట రైతు బోరు తన అప్పుతో వేసుకోవాలి, మోటారు తన అప్పుతో కొనుక్కోవాలి, నీళ్లు పడకపోతే ఇంకో బోరు ఇంకో అప్పుతో. అతనికి కరెంటు ఉచితంగా ఇవ్వడం కాలువ రైతుకు ఏనాడో ఇచ్చినదానిలో కొంత ఇవ్వడమే. ఉచిత కరెంటును నేను సమర్థిస్తాను.

నా బాధంతా నాణ్యత గురించి. ఉచితమన్న పేరుతో చాలా ఏళ్లు నాసిరకం కరెంటు ఇచ్చారు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయలేనన్ని మోటార్లు. అక్కడి నుంచి సన్న తీగలు దూరాలకు లాగుతారు. తీగ పొడవయ్యేకొద్దీ చివరి మోటారు దగ్గర వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి రైతులు కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు. కరెంటు వచ్చీ రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారి అందుకుంటాయి, ఈసారి ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టరులో వేసుకుని రిపేరు షెడ్డుకు తీసుకుపోయేది రైతులే. మోటారుకు ఇంతని చందాలు పోగుచేసేదీ వాళ్లే. అది తిరిగొచ్చేలోపు వరి పొట్ట మీద ఉంటే ఆ పంట మీద ఆశ వదులుకోవాలి. మోటారు రీవైండింగ్ ఖర్చు, చందాలు, ఎండిన మడి, అన్నీ కలిపితే ఉచిత కరెంటుకు మెట్ట రైతు కట్టిన బిల్లు పెద్దదే.

దీనికి మందు తెలియనిది కాదు. గుజరాత్‌లో 2003లో మొదలైన జ్యోతిగ్రామ్ పథకంలో సబ్‌స్టేషన్ నుంచి ఊరికి వెళ్లే లైనును (ఫీడరును), పొలాలకు వెళ్లే లైనును వేరు చేశారు. ఊరికి రోజంతా త్రీ ఫేజ్, పొలానికి చెప్పిన వేళకు ఎనిమిది గంటల మంచి కరెంటు. ఊళ్లో వెల్డింగ్ షాపు, పిండిమిల్లు, కుట్టుమిషన్లు నమ్మకంగా నడిచే వీలు వచ్చింది. మన దగ్గర కూడా హెచ్‌వీడీఎస్ పేరుతో, హై టెన్షన్ లైనును పొలాల దాకా తెచ్చి నాలుగైదు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. పెట్టినచోట్ల మోటార్లు కాలడం తగ్గింది. తమ నలుగురిదే అయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులు సొంత ఎద్దులా చూసుకుంటారు. అదనపు మోటారు తగిలించడానికి వచ్చినవాణ్ని వాళ్లే ఆపుతారు.

ఆఫ్రికా వైపు మళ్లీ చూడాలి, ఎందుకంటే ఇప్పుడు అసలు పరీక్ష అక్కడే. సహారాకు దక్షిణాన దాదాపు 60 కోట్ల మందికి ఇప్పటికీ కరెంటు లేదు. 2030 నాటికి 30 కోట్ల మందికి ఇస్తామని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు 2024లో ప్రకటించాయి. ఏ రకం కరెంటు ఇస్తారన్నది నా ప్రశ్న. బంగ్లాదేశ్ అనుభవం కళ్లముందే ఉంది. అక్కడ 40 లక్షలకు పైగా పల్లె ఇళ్లకు చిన్న సోలార్ సెట్లు ఇచ్చారు, ప్రపంచమంతా మెచ్చుకుంది. వాటి వల్ల కిరోసిన్ బుడ్లు పోయాయి, అది మంచిదే. కానీ గ్రిడ్ లైను వచ్చిన ఊళ్లలో జనం ఆ సెట్లను పక్కన పెట్టి లైను కరెంటుకు మారారు. ఫ్యాను తిరగాలి, ఫ్రిజ్ పనిచేయాలి, పంపు నడవాలి. పేదవాడికి ఒక దీపం చాలులే అని దూరం నుంచి నిర్ణయించేవాళ్లు ఈ సంగతి గమనించాలి. సోలార్ వద్దని నేను అనను. బావి మోటారు తిప్పేంత సోలార్ ఇవ్వండి, ఊరి మిల్లు నడిపేంత ఇవ్వండి.

కాంగోలో ఇంగా జలవిద్యుత్ కేంద్రం నుంచి కటంగా రాగి గనుల దాకా దాదాపు 1,700 కిలోమీటర్ల లైను ఉంది. 1980ల మొదట్లో పూర్తయింది. అది డీసీ లైను, మధ్యలో ఎక్కడ పడితే అక్కడ కరెంటు తీసుకోవడం కుదరదు. దారిలో ఉన్న ఊళ్లవాళ్లు తమ తల మీదుగా పోతున్న తీగలను చూస్తూ చీకట్లో బతికారు. ఘనాలో అకొసొంబో ఆనకట్ట కోసం 80 వేల మంది ఊళ్లు ఖాళీ చేశారు. కరెంటులో పెద్ద వాటా అల్యూమినియం ఫ్యాక్టరీకి చవకగా వెళ్లింది. మనం వాళ్లను చూసి జాలిపడాల్సిన పని లేదు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు ఇస్తోంది, సీలేరు దశాబ్దాలుగా ఇస్తోంది. ఆ కరెంటు కొండలు దాటి పట్టణాలకు పోయింది. ఆ కొండల్లో ఉన్న ఆదివాసీ గూడేలకు ఈ మధ్యే చేరింది, కొన్నిటికి ఇప్పటికీ సరిగా లేదు. అదే ఏజెన్సీలో నిండు గర్భిణిని డోలీలో మోసుకుపోతున్న ఫొటో ఏటా వానాకాలంలో పేపర్లో వస్తుంది.

రోడ్డు గురించి కూడా ఇక్కడే ఒక మాట. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మీద శామ్ ఆషర్, పాల్ నొవొసాద్ చేసిన అధ్యయనం, రోడ్డు వచ్చాక జనం వ్యవసాయం వదిలి బయటి పనులకు వెళ్తున్నారు గానీ ఊళ్లో ఆదాయం, ఆస్తులు పెద్దగా పెరగలేదని చెప్పింది. కూలికి పట్నం వెళ్లే దారి సులువైంది, ఊళ్లో పని పుట్టలేదు. రోడ్డు విషయంలో నేను ఆదాయం లెక్క అడగను. డోలీలో చనిపోకుండా ఆసుపత్రికి చేరడం ఒక్కటే చాలు, ఆ రోడ్డు వేయడానికి.

వంట గ్యాసుదీ ఇదే దారి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్వల. కనెక్షన్ల సంఖ్య ఘనంగా ఉంది. రెండో సిలిండరు, మూడో సిలిండరు కొనే స్తోమత లేని ఇళ్లలో సిలిండరు మూలన ఉంటుంది, కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. క్వాజులు-నటాల్ ఆడవాళ్లకు మిగిలిన గంటలు ఈ ఇళ్లలో మిగలవు. గ్యాసు పథకం ఎలా నడుస్తోందో తెలియాలంటే ఏడాదికి ఇంటికి ఎన్ని రీఫిల్స్ అన్నది చూడాలి.

కరెంటు విషయంలో నేను అడిగేది కూడా ఇలాంటి లెక్కే. కొన్నేళ్లుగా వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టాలని కేంద్రం ఒత్తిడి తెస్తోంది. తెలంగాణ కాదంది, ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో పెట్టి చూసింది. బషీర్‌బాగ్ గుర్తున్న రైతు మోటారుకు మీటరంటే రేపు బిల్లు వస్తుందనే భయపడతాడు, ఆ భయం న్యాయమైనదే. మీటరు ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టండి. తెలంగాణలోనే పాతిక లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లు ఉన్నాయి. వాటికి ఎంత కరెంటు పోతోందో ఇప్పటికీ చాలావరకు అంచనా లెక్కే. పట్నంలో దొంగతనంగా వాడిన కరెంటు, పాత లైన్లలో ఆవిరైన కరెంటు కూడా ఆ అంచనాలో కలిసిపోయి రైతు పేరు మీద రాసే వీలుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటరుంటే రైతు ఎంత వాడాడో, అతని పేరున ఎవరు వాడారో తేలుతుంది. అదే మీటరు ఎన్ని గంటలు త్రీ ఫేజ్ ఇచ్చారో, వోల్టేజి ఎంత ఉందో కూడా నమోదు చేస్తుంది. ఆ అంకెలు ప్రతి నెలా పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి: మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, గంటలు ఎన్ని, వోల్టేజి ఎంత, కాలినవి ఎన్ని, కాలాక ఎన్ని రోజులకు మార్చారు. గ్రామసభలో లైన్‌మన్‌ను నిలదీసి లాభం లేదు, అతని చేతిలో ఏమీ ఉండదు. ఆ అంకెలకు జవాబు చెప్పాల్సిన పైఅధికారిని అక్కడికి రప్పించాలి.